నొగ మీద బరువు

మొన్న గగన్‌పహాడ్ దాటాక నా ముందు ఒక జీపు పోతోంది. దాని వెనక చిన్న ట్రాలీ, నిండా ప్లాస్టిక్ కుర్చీలు. రోడ్డు పల్లానికి దిగగానే ట్రాలీ అటూ ఇటూ ఊగడం మొదలైంది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఊపు ఇంకా పెరిగింది. "తొక్కకు, కాలు తియ్యి" అన్నాను, నా బండిలో నేనొక్కణ్నే ఉన్నా. కాసేపటికి "వెనక బరువైంది" అని కూడా అన్నాను. ఆ మాట నాది కాదు. దాన్ని నాకు నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది.

అతని పేరు రాయను. పేరుతో రాస్తే అది పొగడ్త అయిపోతుంది. అతని మీద పొగడ్తలు నాలుగేళ్లు విన్నాను, నాకు చాలు.

మాకు శంషాబాద్‌లో టెంట్‌హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, కార్పెట్లు, వంట గుండిగలు కిరాయికి ఇస్తాం. అన్న దుకాణం చూసుకుంటాడు. సామాను ట్రాలీలో నింపడం, జీపుకు తగిలించి తీసుకుపోవడం నా పని. పెళ్లి దగ్గర సామాను దింపాక షామియానా వెనక నీడలో కూర్చుని పుస్తకం చదువుకుంటాను. అది పని తప్పించుకోవడమని అన్న అభిప్రాయం. కొంతవరకు నిజమే.

ఎయిర్‌పోర్టు రాకముందు మా రోడ్ల మీద ట్రాలీని ఎట్లా నింపినా నడిచింది. గుంతల్లో ఎవరైనా ఎంత వేగంగా పోగలరు? ఎయిర్‌పోర్టు మొదలయ్యాక రోడ్లు వెడల్పయ్యాయి, నున్నగా అయ్యాయి, వాటి పక్కన ఫంక్షన్ హాళ్లు లేచాయి. నేను అరవైలో, డెబ్బైలో పోవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది మా రెండు చక్రాల ట్రాలీ సంగతి.

అతను పనిలో చేరిన మూడో రోజు నా పక్క సీట్లో ఉన్నాడు. మైలార్‌దేవ్‌పల్లి నుంచి తిరిగి వస్తున్నాం. ఉన్నట్టుండి జీపు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని అటొకసారి ఇటొకసారి గుంజుతున్నట్టయింది. బ్రేకు తొక్కాను. ట్రాలీ దాదాపు అడ్డం తిరిగింది. తాడు తెగి పెద్ద గుండిగ ఒకటి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. ఎవరికీ తగల్లేదు. బండి ఎట్లా ఆగిందో నాకు గుర్తు లేదు. 

అతను దిగి, గుండిగను భుజం మీద పెట్టుకుని తెచ్చాడు. ట్రాలీ చుట్టూ తిరిగి చూశాడు.

"చిన్నన్నా, నీ తప్పు లే. వెనక బరువైంది. నొగ లేస్తుంది" అన్నాడు.

ట్రాలీని జీపుకు తగిలించే ఇనుప కమ్మీని అతను నొగ అనేవాడు. కొత్వాల్‌గూడలో ఎడ్లబండి కట్టిన మనిషి, ఎడ్లబండి మాటే దీనికీ వాడాడు. తర్వాత మేమందరం అదే అనడం అలవాటు చేసుకున్నాం.

దుకాణానికి వచ్చాక అన్న సొట్టపోయిన గుండిగను చూసి నా మీదికి లేచాడు. "పుస్తకాలు చదువుకుంట నడిపినవా ఏంది?"

"లే పెద్దన్నా" అతను అడ్డం వచ్చాడు. "చిన్నన్న మంచిగనే నడిపిండు. ఇంకొకలైతే ఇద్దరం పోదుము. నింపుడుల తప్పున్నది."

"నింపింది గూడ వీడే గద?"

అన్న ఇద్దరినీ చూసి, "అయితే రేపటి సంది నువ్వే నింపు" అన్నాడు అతనితో.

నన్ను కాపాడటానికి అతను చెప్పిన మాటతోనే నా పనిలో సగం అతని చేతికి పోయింది. అతను కావాలని చేయలేదు. కావాలని చేసి ఉంటే నాకు సులువుగా ఉండేది.

ట్రాలీ నింపేముందు అతను నేల మీద బూడిదతో ట్రాలీ అంత డబ్బా గీసేవాడు. మధ్యలో అడ్డంగా ఒక గీత, అది ఇరుసు. సామానంతా ముందు నేల మీద ఆ డబ్బాలో పేర్చి చూసుకునేవాడు. గుండిగలు, పొయ్యిలు, పొయ్యి ఇటుకలు అడుగున, గీతకు కొంచెం ముందు. కుర్చీలు వాటి మీద. పరదాలు, కాగితం పూలు వెనక. కుడివైపు ఒక పొయ్యి పెడితే ఎడమవైపు దానికి జోడు పెట్టాల్సిందే. అంతా సరిగ్గా వచ్చిందనుకున్నాకే ట్రాలీలోకి ఎక్కించేవాడు. ఒకే పనిని రెండుసార్లు చేసే మనిషిని చూస్తే నాకు చిరాకు. అన్నకు మాత్రం అది చాలా ముచ్చటగా ఉండేది.

తాళ్లు కట్టాక ట్రాలీ పక్కపలకకు చెవి ఆనించి, రెండు చేతులతో ఊపేవాడు. లోపల ఏదైనా చప్పుడైతే తాళ్లన్నీ మళ్లీ విప్పేవాడు. నేను జీపులో కూర్చుని హారన్ కొట్టేవాణ్ని.

"ఆగు చిన్నన్నా. గరిటె ఇంక మాట్లాడుతుంది."

"మాట్లాడనియ్యి. పెండ్లికి పోతుంది గద, ఖుషీల ఉన్నది."

"ఆడికి పొయినంక మాట్లాడని. తొవ్వల మాట్లాడొద్దు."

కూలీలందరూ నవ్వేవాళ్లు. అతని మాటకు. నా మాటకు కాదు.

చివరిది తూకం. దుకాణం వెనక గోడ కూలినప్పుడు మిగిలిన టేకు దూలం ఒకటి ఉండేది. దాన్ని ఒక రాయి మీద సరిగ్గా మధ్యకు పెట్టి, ఒక కొన నొగ కిందికి తోసేవాడు. రెండో కొన మీద తువ్వాలను నాలుగు మడతలు వేసి, దాని మీద కూర్చుని, కాళ్లు నేల మీది నుంచి ఎత్తేవాడు. చేతులు కట్టుకుని, పిల్లలు ఊగే బల్ల మీద పెద్దమనిషి ఎక్కినట్టు ఉండేవాడు. దూలం సమంగా నిలిస్తే నొగ మీద ఉన్న బరువు, అతని బరువు ఒకటే అన్నమాట. నొగ లేచిపోతే ముందు బరువు చాలలేదు. లేవకపోతే ఎక్కువైంది. కాటేదాన్‌లో పాత సామాను కొనే దుకాణంలో కాటా ఎక్కితే అతను అరవై కిలోలు తూగాడట. మా ట్రాలీకి, మేం వేసే సామానుకు సరిగ్గా అంత బరువు నొగ మీద ఉంటే అది రోడ్డు మీద ఊగదని రకరకాలుగా నింపి చూసి తేల్చుకున్నాడు.

"ఇంతే ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"కాడి ఎద్దు మెడ మీద జర కూసోవాలె చిన్నన్నా. మస్తు కూసుంటే ఎద్దు వంగుతది. లేస్తే మెడపట్టె బిగిసి ఊపిరాడదు. జీపుకు మెడ లేదు గానీ అదే లెక్క."

అన్న దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఆ దూలం చూపించేవాడు. "అందరు బండ్లు తూస్తానికి ధర్మకాంట కాడికి పోతరు. మా ధర్మకాంట అన్నం తిని వస్తది" అనేవాడు. అమ్మ మధ్యాహ్నం అన్నం పంపితే పెద్ద గిన్నె అతనికి. "దినాం తూగే మనిషి, తక్కువైతే ఎట్ల?" అని తన హాస్యం తనకు. పెళ్లివాళ్లు ఫోన్ చేస్తే సామాను ఎప్పుడు వస్తుందని అడగడం మానేసి, "ఆయన వస్తుండా?" అని అడిగేవాళ్లు. నాలుగేళ్లు ట్రాలీ ఒక్కసారి ఊగలేదు. నడిపింది నేను. మెప్పు అతనిది.

కోఠిలో పాత పుస్తకాల మధ్య ఒకసారి నాకు బండ్ల గురించిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. వెనక తగిలించే బండి మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా, ఏడో వంతుకు మించకుండా కొక్కెం మీద ఉండాలని అందులో ఉంది. అప్పటికప్పుడు కాగితం మీద లెక్క వేశాను. మా ట్రాలీ సామానుతో కలిపి అయిదు వందల కిలోల పైచిలుకు. లెక్క తప్పాలని ఎంత కోరుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అరవై సరిగ్గా మధ్యలో పడింది.

అయినా పుస్తకం పట్టుకుపోయి చూపించాను. తనకంటే ముందే ఎవరో తెల్లవాళ్లు కనిపెట్టారని చెప్తే అతని ముఖం చిన్నబోతుందని ఆశ. అతను బొమ్మను వేలితో తడిమాడు.

"అవునా? పుస్తకంల గూడ రాసిన్రా? మంచిగైంది చిన్నన్నా. నేను సచ్చినా ఇది ఉంటది."

నిజంగా సంతోషించాడు. ఆ పుస్తకం నేను మళ్లీ తెరవలేదు.

ఇప్పుడు చెప్పాల్సిన సంగతి 2012 చివరిది. కొత్వాల్‌గూడ దగ్గర ఒక ఫంక్షన్ హాలుకు పోతున్నాం. డెబ్బైలో ఉన్నాను. ట్రాలీ ఊగింది. ఎక్కువ కాదు, కుక్క తోక ఆడించినంత. కాలు తీశాను, నిలదొక్కుకుంది. నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. హాలు దగ్గర దిగి, కూలీలు, వంటవాళ్లు, పెళ్లివాళ్లు అందరూ వినేట్టు అడిగాను.

"ఏంది? ధర్మకాంట ఖరాబయిందా?"

అతను ట్రాలీ దిక్కు చూశాడు. "ఊగిందా చిన్నన్నా?"

"ఊగిందా అంటవేంది? నీ నింపుడు, నీ తూకం. బూడిద గీతలు ఎవ్వలకు చూపిస్తానికి? నాలుగేండ్ల సంది అందరు నీ మొఖమే చూస్తున్నరు గద, నువ్వు జర దూలం దిక్కు చూడు."

ఒక వంటతను నవ్వాడు. అతను తాళ్లు విప్పుతూ "ఎట్లయిందో" అని తనలో తాను అనుకున్నాడు. సామాను దింపుతున్నంతసేపూ అదే మాట. చొక్కా అతని భుజాల మీద కొంచెం వదులుగా ఉందని నేను అప్పుడే చూశాను. అది చూసినా ట్రాలీకి దానికి సంబంధం ఉందని నాకు తట్టలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున జీపు కడుగుదామని తొందరగా పోయాను. అతను అప్పటికే వచ్చి ఉన్నాడు. ట్రాలీ ఖాళీగా ఉంది. ముందు మూలన మాత్రం మా పెద్ద గుండిగలు రెండున్నాయి. ఖాళీ ట్రాలీలో ఆ రెండు గుండిగలు అక్కడ పెడితే నొగ అతనికి సమంగా తూగుతుందని మా అందరికీ తెలుసు. కొత్తగా చేరిన కూలీలకు అట్లాగే చూపించి నేర్పేవాడు. ఇప్పుడు దూలం మీద కూర్చున్నాడు. నొగ కదల్లేదు, అతనే గాలిలో ఉన్నాడు. దిగి, ఒక పొయ్యి ఇటుక తువ్వాలలో చుట్టుకుని, ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. లేవలేదు. రెండోది. మూడో ఇటుకకు దూలం సమంగా నిలిచింది.

అప్పుడు నాకు అర్థమైంది. అతను ట్రాలీని తూచడం లేదు. గుండిగలు మారలేదు, ట్రాలీ మారలేదు. తనను తూచుకుంటున్నాడు.

నన్ను చూసి దిగాడు. "జర సన్నవడ్డ చిన్నన్నా" అన్నాడు, చొక్కాకు మరక అంటిందని చెప్పినట్టు. "ఇటికలు పెట్టుకుంటే బరాబర్ అయితది. ఇగ ఊగదు."

"దవాఖానకు పోరాదు?" అన్నాను.

"పోత. సీజన్ అయిపోని."

ఆ తర్వాత ట్రాలీ ఊగలేదు. అతను తువ్వాల మూటను ఒళ్లో పెట్టుకుని తూకానికి కూర్చునేవాడు. అన్న గమనించలేదు. అమ్మ గమనించలేదు. అతన్ని అంతగా మెచ్చుకునేవాళ్లెవరూ గమనించలేదు. వాళ్లు దూలం సమంగా నిలిచిందా లేదా అన్నదే చూసేవాళ్లు. నేను మూట చూసేవాణ్ని. ఎక్కడ తప్పు చేస్తాడా అని నాలుగేళ్లుగా అతన్ని కళ్లప్పగించి చూసినవాణ్ని నేనొక్కణ్నే. సంక్రాంతికి నాలుగు ఇటుకలయ్యాయి. శివరాత్రికి అయిదు. ఒక్కో ఇటుక మూడు కిలోలకు తక్కువుండదు.

అన్నకు చెప్పడానికి ఎన్నిసార్లు నోరు తెరిచానో లెక్క లేదు. ప్రతిసారీ తర్వాత జరిగేదంతా కళ్ల ముందు కనిపించేది. అన్న పని ఆపి అతన్ని పెద్ద దవాఖానకు తీసుకుపోతాడు. అమ్మ దినాం కోడికూర పంపుతుంది. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ అతని గురించే అడుగుతాడు. నేను ట్రాలీ నింపుతుంటే అందరూ అతను ఉంటేనా అంటారు. నాకు అతని చావు అక్కర్లేదు, అది ఖచ్చితంగా చెప్పగలను. అతను ఇంకా ఎక్కువ ప్రేమ పొందడం చూడలేకపోయాను. అంతే. రాస్తుంటే చాలా చిన్న కారణంలా ఉంది. అప్పుడు కూడా చిన్నదే.

వేసవి పెళ్లిళ్లు మొదలైన వారం, ట్రాలీ కింద తాడు ముడి వేస్తూ లేవలేకపోయాడు. అన్న ఎత్తుకుని జీపులో పడుకోబెట్టాడు. నేను నడిపాను. దవాఖానలో డాక్టరమ్మ అతని పొట్ట నొక్కి చూసి, బయటికి వచ్చి అడిగింది.

"బరువు ఎప్పట్నుంచి తగ్గుతున్నారు? ఎంత తగ్గారు?"

అన్న, కబురందుకుని వచ్చిన అతని భార్య దిక్కు చూశాడు. ఆమె అన్నను చూసింది. "గిట్ల అయితుండని మాకేం ఎరుక మేడమ్? దినాం పనికే పోయిండు" అంది ఆమె.

నాకు తెలుసు. ఏ నెలలో ఎన్ని ఇటుకలో చెప్పగలను. నేను గోడ మీద కాగితం చదువుతూ నిలబడ్డాను.

కడుపులో గడ్డ అన్నారు, చాలా దూరం పాకింది అన్నారు. రెండు నెలలు ఇంటి దగ్గర ఉన్నాడు. నేను ఒక్కసారి పోయాను. మంచం మీద అతను దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియనట్టు ఉన్నాడు.

"ట్రాలీ ఎట్ల పోతుంది చిన్నన్నా?"

"మంచిగనే పోతుంది."

"నొగ ఎవ్వలు తూస్తున్నరు?"

ఎవరూ తూయడం లేదు. నేను నలభై దాటకుండా నడుపుతున్నాను. "నేనే" అన్నాను.

"నువ్వు నాకన్న బరువుంటవు. చూసుకో." కొంచెం ఆయాసం తీర్చుకుని, "ఇటికలు ఆడనే ఉన్నయి" అన్నాడు.

వానలు పడ్డాక పోయాడు.

దినాలయ్యాక అతని భార్య దుకాణానికి వచ్చింది. అతని తువ్వాల తీసుకుపోవడానికి వచ్చిందనుకుని మూలనున్న మూట విప్పబోయాను. అయిదు ఇటుకలూ అందులోనే ఉన్నాయి, అతను చివరిసారి చుట్టినట్టే.

"ఉండనియ్యి చిన్నన్నా" అంది. "అవి నీకే ఇడిసిపెట్టమన్నడు. ఆయినె అన్నీ చెప్పిండు నాకు. నువ్వొక్కనివే చూసినవంట గద."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నేను కోప్పడ్డ ముందుగాల. చూసి చెప్పకపోతే ఎట్ల అని. ఆయినె ఒప్పుకోలే. 'చిన్నన్న చెప్తే పెద్దన్న పనికి రానియ్యకపోవు. మంచంల ఏసి పరేషాన్ చేస్తుండె. నా ఇజ్జత్ కాపాడిండు, ఆఖరిదాంక పని చేసుకోనిచ్చిండు' అన్నడు. ఆర్నెల్లు మనసుపడి పనికొచ్చిండంటే నీ దయనే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "దాని కోసమే చెప్పలే గద చిన్నన్నా?"

అన్న గల్లా దగ్గర నుంచి నా దిక్కు చూస్తున్నాడు. అతని కళ్లలో నేను ఎన్నేళ్లుగానో కావాలనుకున్నది ఉంది.

"అవునమ్మా" అన్నాను.

ఆ వారమే ఖాళీ ట్రాలీ ముందు మూలన ఆ రెండు పెద్ద గుండిగలు పెట్టి, నేను మొదటిసారి దూలం మీద కూర్చున్నాను. అతను చెప్పినట్టే నేను బరువు ఎక్కువ. నొగ లేచిపోయింది. కాసేపు ఆలోచించి, తువ్వాల మూటలోంచి రెండు ఇటుకలు తీసి నొగ మీద పెట్టాను. నా ఎక్కువ బరువు అక్కడ సరిపోయింది. దూలం సమంగా నిలిచింది. ఆ రోజు సామాను నింపి కూడా అదే లెక్కన తూచి, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద డెబ్బైలో పోయాను. వెనక ట్రాలీ ఉందన్న సంగతే తెలియలేదు.

ఇప్పుడు పెళ్లివాళ్లు ఫోన్ చేసి "చిన్నన్న వస్తుండా?" అని అడుగుతారు. అన్న కొత్త కూలీలకు నన్ను చూపించి, జబ్బు మనిషి మాట బయటపెట్టని వాడని చెప్తాడు. నేను కాదనలేదు. ఇంతవరకు ఎవరి దగ్గరా కాదనలేదు. అతనంటే నాకు అసూయ పోలేదు. నేను చేసిన పనిని చూసి అతను అంత మంచి కారణం అనుకోగలిగాడు. అతను చేసిన ఏ పనికీ నేను ఎన్నడూ అట్లాంటి కారణం అనుకోలేదు.

మిగిలిన మూడు ఇటుకలు మూటలోనే ఉన్నాయి. మొన్న పొయ్యికి ఇటుకలు తక్కువై కూలీ ఒకడు ఆ మూట విప్పబోయాడు. వద్దన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పలేదు.